తణుకు పాత ఇల్లు: కొనే ముందు, కొన్నాక చెద పరీక్ష డైరీ

ఏప్రిల్ 12

తమ్ముడు తణుకులో ఒక ఇల్లు చూశాడు. 1987లో కట్టింది. రెండు పడగ్గదులు, హాలు, దేవుడి గది, వెనక మంగుళూరు పెంకుల వరండా. అమ్మేది రిటైరైన తెలుగు మాస్టారు. పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారు, ఆయనా అక్కడికే వెళ్లిపోతున్నారు. బయానా ఇంకా ఇవ్వలేదు.

"లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ అన్నీ లాయరు గారికి చూపించానక్కా, బాగున్నాయన్నారు. నువ్వొకసారి వచ్చి కట్టుబడి చూసి చెప్పు" అన్నాడు.

కాగితాల మీద నెల రోజులు తిరుగుతాం. గుమ్మం మొదట్లో పది నిమిషాలు కూర్చుని చూసేవాళ్లు మాత్రం కనబడరు. మా పిన్ని కొడుకు అమెరికాలో ఇల్లు కొన్నప్పుడు చెద రిపోర్టు తెప్పించుకున్నాడు. ఎన్‌పీఎమ్‌ఏ-33 అని అక్కడ దానికొక ఫారం ఉంది. అప్పుడు నాకు కాపీ పంపాడు. అందులో నాకు రెండు విషయాలు నచ్చాయి. చూడలేకపోయిన చోటుని చూడలేదని రాయాలి. రాసిందంతా ఆ రోజుకి కంటికి కనబడినదాని గురించే, ఇంటికి గ్యారంటీ కాదు.

మన దగ్గర అలాంటి కాగితం ఎవరూ అడగరు. కానీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ఒక మాట చెబుతుంది: మామూలు జాగ్రత్తతో చూస్తే కొనేవాడికి కనబడని పెద్ద లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే, అది చెప్పి తీరాలి. కాబట్టి మొహమాటం అక్కర్లేదు. నేను మాస్టారిని నేరుగానే అడుగుతాను.

ఏప్రిల్ 20

పొద్దున్న ఏడుకే వెళ్లాను. సంచిలో టార్చి, పొడుగు స్క్రూడ్రైవరు, చిన్న చేతి అద్దం, సుద్దముక్క, టేపు, చెక్కలో తేమ చూసే పిన్నుల మీటరు. ముందు కాగితం మీద ఇంటి ప్లాను గీసుకున్నాను. చూసిన చోటల్లా టిక్కు, చూడలేని చోట అడ్డగీత.

మాస్టారు కాఫీ ఇచ్చారు. "చెద ఎప్పుడైనా పట్టిందా మాస్టారూ?" అని అడిగాను.

"మూడేళ్ల క్రితం వెనక గదిలో కనబడిందమ్మా. మందు కొట్టించాం. మళ్లీ కనబడలేదు."

"కన్నాలు వేసి పోశారా, పైన కొట్టారా?"

"భుజాన డబ్బా తగిలించుకుని గోడల అంచున కొట్టుకుంటూ వెళ్లాడు."

అది రాసుకున్నాను. చెద ఉండేది నేలలో. గోడ అంచున పైపైన కొడితే కనబడిన పురుగు చస్తుంది, కింద గూటికి ఏమీ కాదు.

లోపలికి వెళ్లకుండా ముందు ఇంటి చుట్టూ తిరిగాను. ఈ పనిలో సగం అక్కడే తేలిపోతుంది. వీధివైపు చూడగానే సంగతి అర్థమైంది. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు లేచింది, ఇల్లు దిగింది. వాననీళ్లు లోపలికి వస్తున్నాయని మాస్టారు దొడ్డంతా మట్టి పోయించారు. ఫలితంగా వెనకవైపు మట్టి బేస్‌మెంట్ గీతకి ఎనిమిది అంగుళాలు పైకి వచ్చి, నేరుగా గోడ ఇటుకకి ఆనుకుని ఉంది. పునాది మీద తడి ఎక్కకుండా వేసిన సిమెంటు పొర ఎక్కడో అడుగున ఉండిపోయింది. ఆ మట్టిలో మందార, కనకాంబరం. రోజూ నీళ్లు.

అదే గోడకి స్నానాల గది నీళ్లు పోయే గొట్టం ఉంది. జాయింటు దగ్గర నాచు పట్టింది. గోస్తనీ దగ్గరి ఊరు, నేలలో నీళ్లు ఎలాగూ పైనే ఉంటాయి. దానికి ఈ కారడం తోడు. చెద ఒళ్లు పలచన, గాలి తగిలితే ఎండిపోతుంది. తడి ఎక్కడుంటే అది అక్కడికే వస్తుంది. అందుకే నేను వెతికేది ముందు తడిని, తరవాతే చెదని.

మందార మొక్క పక్కకి వంచి చూశాను. గోడ మీద పెన్సిలు లావున మట్టి దారి, నేల నుంచి మొదలై రెండడుగులు ఎక్కి, వెనక పడగ్గది కిటికీ చెక్క కిందికి దూరిపోయింది. ఎండిపోయినట్టే ఉంది. అయినా ఎండిన దారిని చూసి చెద పోయిందని అనుకోకూడదు. నట్టనడుమ ఒక అంగుళం మేర గోకేశాను, పైనా కిందా అలాగే వదిలేశాను. పక్కన సుద్దతో తేదీ వేశాను.

లోపల హాలు, ముందు గది బాగున్నాయి. టేకు తలుపులు, చేవ చెక్క, స్క్రూడ్రైవరు పిడితో కొడితే ఖంగున మోగాయి. మీటరులో తేమ 13, 14 శాతం దాటలేదు. టేకు కదా చెద పట్టదు అంటారు మనవాళ్లు. చేవకి పట్టదు, నిజమే. పైన తెల్లభాగానికి శుభ్రంగా పడుతుంది. ఒకే చెక్కలో రెండూ ఉంటాయి.

వంటింటి అలమర తలుపుకి గుండుసూది దూరేంత గుండ్రటి కన్నాలు, కింద మెత్తటి పిండి. మరదలు భయపడింది. అది చెద కాదు, పుచ్చు. పెంకుపురుగు పిల్ల చేసే పని. వేళ్ల మధ్య నలిపితే బియ్యప్పిండిలా ఉంటే పుచ్చు. పొడి చెక్కలో ఉండే చెద ఇంకొక రకం ఉంది, దానికి మట్టి దారులుండవు, దాని రెట్ట గసగసాల్లా గింజలు గింజలుగా రాలుతుంది. మట్టి కనబడితే నేలచెద. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. ఆ తలుపు మార్చేస్తే సరిపోతుంది.

వెనక పడగ్గదిలో మెయిన్ ఆపించి, పాత చెక్క స్విచ్ బోర్డు విప్పాను. టేకు బద్దీల మీద వేసిన వైరింగ్ కాలం నాటిది. బోర్డు ముందువైపు పాలిష్ మెరుస్తూ ఉంది. వెనక చెక్క లేదు, మట్టి ఉంది. చెక్క ఆకారంలో మట్టి.

ఆ గోడకి మాస్టారి పుస్తకాల బీరువా ఆనించి ఉంది. ముందుకి జరపమన్నాను. అద్దాల్లోంచి చూస్తే అట్టలన్నీ వరసగా, తీరుగా ఉన్నాయి. మాస్టారు ఒకటి లాగారు. వీపు అట్ట చేతికి వచ్చింది, పుస్తకం రాలేదు. వెనక నుంచి తినుకుంటూ వచ్చి, కంటికి ఎదురుగా ఉన్న వేలెడు మేర వదిలేశాయి. మిగిలిన కాగితాలు జల్లెడలా చిల్లులు పడి, మట్టితో అంటుకుపోయి ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు. ఒక్కొక్కటీ తీసి మంచం మీద పేరుస్తూ కూర్చున్నారు. నేనూ తమ్ముడూ సాయం పట్టాం. పరీక్ష ఆ పూటకి అక్కడ ఆపేశాను.

మధ్యాహ్నం దేవుడి గది. గడప నిండా పసుపు, పూత మీద పూత. మాస్టారి భార్య బతికున్నన్నాళ్లూ ప్రతి శుక్రవారం ఆవిడే రాసేవారట. చూపుకి కొత్త గడపలా ఉంది. కుడి చివర తడితే శబ్దం మారింది. ఎడమ నుంచి టక్, టక్ అని వస్తూ, చివరి జానెడు దగ్గర బొద్ అంది. మీటరు 27 చూపించింది. స్క్రూడ్రైవరు మొన ఆనించి అడిగాను: "గుచ్చమంటారా మాస్టారూ?"

ఆయన కాసేపు ఆలోచించి, "వచ్చే ఆదివారం చూద్దామమ్మా" అన్నారు. సరేనన్నాను. ప్లానులో అక్కడ అడ్డగీత పెట్టాను.

ఏప్రిల్ 24

తమ్ముడు ఫోటో పంపాడు. గోడ మీద నేను గోకిన అంగుళం మళ్లీ మూసుకుంది. పాత దారి బూడిదరంగు, అతుకు వేసిన చోట మట్టి నల్లగా, తడిగా ఉంది. నాలుగు రోజులు పట్టలేదు. లోపల చెద బతికే ఉంది. ఒకవేళ అతకకపోయి ఉన్నా నేను చెద లేదని రాసేదాన్ని కాదు, అవి దారి మార్చుకుంటాయి. అతికితే మాత్రం ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు.

ఏప్రిల్ 27

మాస్టారు దేవుడి పటాలు ముందే తీసి హాల్లో పెట్టించారు. గడప ముందు దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని, "ఇప్పుడు చూడమ్మా" అన్నారు.

స్క్రూడ్రైవరు గుచ్చితే పసుపు పెంకు పటుక్కున పగిలి, పిడి దాకా దిగిపోయింది. మట్టి పెచ్చులు తీస్తే లోపల తెల్లటి పురుగులు వెలుతురికి చెల్లాచెదరయ్యాయి. కూలిచెదలకి కళ్లుండవు, అయినా వెలుగు సోకితే ఆగవు. మధ్యలో రెండు మూడు గోధుమరంగు తలల సైనికులు ఎదురు తిరిగి నిలబడ్డాయి. ఒకదాన్ని కాగితం మీదికి తీసి పుల్లతో తాకాను. నుదుటి మీద పాలచుక్కలాంటిది ఉబికింది. ఆ చుక్కని బట్టి ఇది కాప్టోటెర్మిస్ జాతి అనుకున్నాను. ఈ రకంతో ఒక చిక్కుంది. గోడ లోపల ఎడతెగని తడి దొరికితే నేలతో సంబంధం లేకుండా పైనే గూడు కట్టుకోగలదు. అంటే నేలకి మందు పోయడంతో పాటు ఆ కారే గొట్టం బాగుచేయించి తీరాలి. లేకపోతే పోసిన మందంతా దండగ.

గడప ఎడమవైపు మూడొంతులు గట్టిగానే ఉంది. కుడి మూల స్నానాల గది గోడకి ఆనుకుని ఉంది. తడి అటు నుంచే వస్తోంది.

మే 3

కాగితం మీద రెండు పేజీలు రాసి మాస్టారికి ఒకటి, తమ్ముడికి ఒకటి ఇచ్చాను. కనబడినవి: వెనక గోడ మట్టి దారి, కిటికీ చెక్క, స్విచ్ బోర్డు, దేవుడి గది గడప. కనబడనివి: అటక మీద వెనక భాగం, వరండా గచ్చు కింద, పెంకుల కింద గోడలోకి వెళ్లిన వాసాల కొనలు. వాసాలు తాటివి, బయటి భాగం చేవ పట్టిన ముదురు తాడిలానే ఉంది, గోడలో ఏముందో నాకు తెలియదు. అదే రాశాను.

ఇల్లు వదిలేద్దామా అని తమ్ముడు అడిగాడు. వద్దన్నాను. స్లాబు, బీములు, గోడలు గట్టివి. చెద సిమెంటుని తినదు. తిన్నదంతా మార్చుకోదగ్గ చెక్కే. ఆ ఖర్చెంతో తెలిసి కొనాలి, అంతే.

మాస్టారు కాగితం రెండుసార్లు చదివారు. "ఇందులో నాకు తెలియనివి చాలా ఉన్నాయి. తెలిసుంటే ముందే చెప్పేవాణ్ణి" అన్నారు. నేను నమ్మాను. రిపేరు ఖర్చులో సగం ధరలో తగ్గించారు. రిజిస్ట్రేషనుకి ముందే పని మొదలుపెట్టుకోవచ్చని అగ్రిమెంటులో రాయించారు. ఆయన ఉద్యోగం చేసిన కాలంలో ఏ బడి పిల్లలో గానీ, అదృష్టవంతులు.

మే 11

మందు కొట్టేవాళ్లు ముగ్గురు వచ్చి చూశారు. ఒకాయన చదరపు అడుగుకి 7 రూపాయలన్నాడు, ఒకాయన 11, ఇంకొకాయన 14. ధర కంటే ముందు నేనడిగింది లైసెన్సు. ఈ పని చేసేవాళ్లకి 1968 పురుగుమందుల చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఒకాయన దగ్గర లేదు.

తరవాత లెక్క అడిగాను. కట్టిన ఇళ్లకి చెద మందు ఎలా వేయాలో ఐఎస్ 6313 అనే భారతీయ ప్రమాణం మూడో భాగంలో ఉంది. గోడ, నేల కలిసే చోట 12 మిల్లీమీటర్ల కన్నాలు, 30 సెంటీమీటర్లకొకటి, కన్నానికి లీటరు ద్రావణం. మా ఇంటి బయటి చుట్టుకొలత 39 మీటర్లు, అంటే 130 కన్నాలు. అందులో చేతిపంపు బోరు దగ్గరున్న మూడున్నర మీటర్లు, నీళ్లలో మందు కలవకుండా, వదిలేయాలి, 12 పోతే 118. లోపల 146. మొత్తం 264 లీటర్లు.

7 రూపాయల ఆయన్ని, "ఎన్ని లీటర్లు కలుపుతారు?" అని అడిగాను. "రెండు ట్యాంకులు సరిపోతాయి మేడమ్" అన్నాడు. భుజాన వేసుకునే ట్యాంకు 16 లీటర్లు. 264 ఎక్కడ, 32 ఎక్కడ! ఇల్లు కొనేవాళ్లు, ఉన్న ఇంటికి మందు వేయించుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క వేసుకుంటే చాలు, చవక ధర ఎందుకు చవకో తెలిసిపోతుంది.

మందు ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ (30.5 శాతం మందున్న చిక్కటి ద్రవం) అనుకున్నాం, లీటరు నీళ్లకి 2.1 మిల్లీలీటర్లు. 264 లీటర్లకి 554 మిల్లీలీటర్లు కావాలి. ఇంకో మందు క్లోర్‌పైరిఫాస్ అయితే వాసన ఘాటు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. పైగా ఇమిడాక్లోప్రిడ్ ఉన్న మట్టిని చెద గుర్తుపట్టదు. తిరుగుతూ అంటించుకుని మిగతావాటికీ పంచుతుంది. తేనెటీగలకి, నీళ్లలో ఉండే రొయ్యల్లాంటి చిన్న జీవులకి మాత్రం ఇది చెడ్డ విషం. కాలవలోకి చుక్క పోకూడదని, డబ్బాలు కడిగిన నీళ్లు కూడా ఆ కన్నాల్లోనే పోయాలని ముందే చెప్పాను. 11 రూపాయల ఆయన ఒప్పుకున్నాడు, ఆయనకే ఇచ్చాం.

మే 17

మందుకి ముందు మట్టి పని. వెనక గోడ పొడవునా రెండడుగుల వెడల్పున మట్టి తవ్వించి, బేస్‌మెంట్ గీత బయటపడేలా దించాం. మొక్కలు ప్రహరీ వైపు మార్చాం. మరదలు కనకాంబరాల కోసం బెంగపడింది, వేళ్లతో సహా తీసి పెట్టాం, బతికేలానే ఉన్నాయి.

వరండా అంచున తవ్వుతుంటే గునపం మెత్తగా దిగింది. కొబ్బరి మొద్దు. వరండా కట్టేటప్పుడు చెట్టు కొట్టేసి, మొదలు తీయకుండా పైన గచ్చు పోసేశారు. సగం పీచు, సగం చెద మట్టి. ఇద్దరు మనుషులకి అరపూట పట్టింది తీయడానికి. ఇన్నేళ్లుగా వీటికి కడుపు నింపింది ఇదే.

పని చేసేవాళ్లకి చేతి తొడుగులు ఇచ్చాను. 1987లో పునాదులకి ఏదో మందు డబ్బాలు పోయించినట్టు మాస్టారికి గుర్తుంది, పేరు గుర్తులేదు. ఆ రోజుల్లో ఎక్కువగా వాడింది ఆల్డ్రిన్. మన దేశంలో దాన్ని 1996లో నిషేధించారు. నేలలో అది డీల్డ్రిన్‌గా మారి ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకని పునాది పక్క మట్టిలో ఆకుకూరలు వేయొద్దని అమ్మకి గట్టిగా చెప్పాను.

స్నానాల గది గొట్టం మార్చాం. పాత జాయింటు చుట్టూ గోడ చేత్తో గోకితే రాలింది.

మే 19

కన్నాలు, మందు. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఐదున్నర. నేను కుర్చీ వేసుకుని కూర్చుని లెక్కపెట్టాను. మొదటి ఇరవై కన్నాల్లో మందు కన్నానికి లీటరు చొప్పున ఇంకింది. వెనక పడగ్గది మూలలో ఒక కన్నం నాలుగు లీటర్లు తాగింది. గచ్చు కింద డొల్ల ఉందన్నమాట. ఆ చుట్టూ మరో నాలుగు కన్నాలు వేయించాను. చివర్న తెల్లసిమెంటుతో పూడ్చారు.

బోరు పక్క వదిలేసిన చోట మందు లేదు. అక్కడ గోడ బయట మట్టి తీసేసి సిమెంటు గచ్చు చేయించాం. మళ్లీ మళ్లీ చూడాల్సిన చోటు అది. ప్లానులో ఎర్ర పెన్నుతో గీశాను.

మే 30

వడ్రంగి బాబాయి వచ్చాడు. వెనక గుమ్మానికి గ్రానైటు వేయించేశాం. దేవుడి గదికి కూడా రాయే వేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "పసుపు రాయికి పూస్తానేంటే, చెక్క గడపే కావాలి" అంది. సరే, వేగిస చేవ తెప్పించాం. అడుగున రాతి పలక, దాని మీద తారు కాగితం, ఆ పైన గడప. చెక్క ఎక్కడా నేలకి తగలదు. కింద వేలు దూరేంత సందు, టార్చి వేసి చూసుకోవడానికి.

పాత గడపలో గట్టిగా ఉన్న మూడడుగుల ముక్కని బాబాయి చిత్రిక పట్టి మాస్టారికి ఇచ్చాడు. హైదరాబాదులో దేవుడి పీట చేయించుకుంటారట. పురుగు లేదని నేను నాలుగువైపులా తట్టి, వారం రోజులు ఎండలో పెట్టాకే ఇచ్చాం.

జూన్ 15

తొలకరి పడింది. సాయంత్రం వీధి దీపం చుట్టూ ఉసిళ్లు. తమ్ముడు కంగారుగా ఫోన్ చేశాడు. వీధిలోవి మన ఇంటివి కావు, ఎక్కడో పుట్టలోంచి లేచినవి. కిటికీ తలుపులన్నీ మూసి ఉంచినా లోపల కిటికీ గట్టు మీద రెక్కలు గుట్టగా పడి ఉంటే అప్పుడు ఇంట్లోవి అనుకోవాలి. వెళ్లి అన్ని కిటికీలూ చూశాడు. బయట రెక్కలు, లోపల ఏమీ లేవు. స్నానాల గది వెంటిలేటరు దగ్గర నాలుగు రెక్కలున్న పురుగు ఒకటి దొరికిందని ఫోటో పెట్టాడు. నడుము సన్నగా, మీసాలు మోచేయిలా వంగి, ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. అది రెక్కల చీమ. చెదకైతే నడుము ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడవు.

ఆగస్టు 17

మూడు నెలల చూపు. వెనక గోడ పాత దారిని మే నెలలో మూడుచోట్ల గోకి సుద్దతో తేదీలు వేశాను. మూడూ అలాగే తెరిచి ఉన్నాయి. కొత్త గడప మీటరు 15. స్నానాల గది గోడ ఇంకా తడి పూర్తిగా ఆరలేదు, ఏప్రిల్‌లో కంటే నయం.

బోరు పక్క గచ్చుకీ గోడకీ మధ్య వెంట్రుకవాసి నెర్రె వచ్చింది. దాని మీద మూడు అంగుళాల మట్టి దారి. చాలా సన్నం, కొత్తది. గోకి చూస్తే లోపల రెండు పురుగులు. మనం మందు పోయని చోటే అది. గోడలోకి ఇంకా దూరలేదు. మందు ఆయనతో మాట్లాడాను. బోరు దగ్గర ద్రావణం పోసేది లేదు, మందు కలిపిన ఎర ఉంచే డబ్బాలు గోడకి పెట్టి చూద్దామన్నాడు. రేపు వస్తానన్నాడు. నెర్రె పూడ్చొద్దని తమ్ముడికి చెప్పాను, పూడిస్తే ఎటు పోతాయో కనబడదు. గోకిన చోట సుద్దతో 17-8 అని వేశాను. అటక వెనక భాగం ఇంకా అడ్డగీతతోనే ఉంది. దసరాకి సామాను దించినప్పుడు ఎక్కి చూడాలి.